‘వేదాల్లో ఉంది’ సరే, ఏ వేదంలో ఎక్కడ ఉంది?

సంపాదకులు గారికి నమస్కారం.

మూడు వారాల కిందట మీ ఆదివారం పుటల్లో వేదకాలపు వైభవం గురించి ఒక వ్యాసం వచ్చింది. ఆ కాలంలో విమానాలు ఎగిరేవని, కులభేదం లేదని, స్త్రీని పూజించేవారని, ‘యత్ర నార్యస్తు పూజ్యంతే’ అన్న వేదవాక్యమే అందుకు సాక్ష్యమని రచయిత రాశారు. మరుసటి వారం ఒక పాఠకుడు దాన్ని ఖండిస్తూ, వేదకాలమంటే జంతువధ, కులవ్యవస్థ, స్త్రీల అణచివేత తప్ప మరేమీ లేదని, ‘న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి’ అని వేదమే చెప్పిందని రాశారు. ఇద్దరి ఆవేశమూ నిజాయితీగానే ఉంది. కానీ ఉన్న నాలుగు వేదాల్లో ఏ వేదంలో, ఏ చోట ఆ మాట ఉందో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు. పత్రిక కూడా వారిని అడిగినట్టు లేదు.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో చరిత్ర పాఠం చెప్పి, పదవీ విరమణ తరువాత నల్లకుంటలో ఉంటున్నవాణ్ని. నాకు వచ్చిన సంస్కృతం కొంత పండితుల దగ్గర కూర్చుని నేర్చుకున్నది, కొంత నిఘంటువు ముందేసుకుని కుస్తీ పట్టి తెచ్చుకున్నది. ఆ పాటి అర్హతతో మీకు ఒక విన్నపం చేద్దామని ఈ లేఖ రాస్తున్నాను. వేదం పేరుతో ఎవరే మాట రాసినా, అనుకూలంగానైనా వ్యతిరేకంగానైనా, అది ఏ వేదంలో ఏ భాగంలోదో చెప్పనిదే అచ్చు వేయకండి. ఇది ఛాందసం కాదు. ‘వేదకాలం’ అని మనం ఒక్క మాటలో తేల్చేసేది నిజానికి ఒక కాలం కాదు గనుకనే ఇంతగా పట్టుబడుతున్నాను.

చరిత్రకారుల్లో ఎక్కువమంది అంగీకరించే లెక్క ప్రకారం ఋగ్వేద సూక్తాల (స్తుతి గీతాల) కాలం సుమారుగా క్రీ.పూ. 1500 నుంచి 1000 వరకు, తక్కిన సంహితల (మంత్ర సంకలనాల), బ్రాహ్మణాల (యజ్ఞ విధులను వివరించే గ్రంథాల), తొలి ఉపనిషత్తుల కాలం అక్కడి నుంచి క్రీ.పూ. 600 ప్రాంతం వరకు. అంటే తొమ్మిది వందల ఏళ్లు. ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలిన నాటి నుంచి అమీర్‌పేట మీదుగా మెట్రో రైలు నడిచే ఈనాటి దాకా ఎనిమిది వందల ఏళ్లే అయింది. ఈ ఎనిమిది వందల ఏళ్లనూ కలిపి ‘తెలుగువారి కాలం’ అని పేరు పెట్టి, ఆ కాలంలో జనం ఏం తినేవారు, ఏ దేవుణ్ని కొలిచేవారు అని ఒక్క వాక్యంలో రాస్తే ఎంత అసంబద్ధంగా ఉంటుందో, ‘వేదకాలంలో’ అని మొదలయ్యే వాక్యాల్లో చాలా వరకు అంత అసంబద్ధంగా ఉంటాయి. ఋగ్వేదం ఒక్కదానిలోనే 10 మండలాలు, అంటే భాగాలు, 1028 సూక్తాలు ఉన్నాయి. వాటిలో రెండు నుంచి ఏడు వరకు ఉన్న మండలాలు ఒక్కో ఋషి వంశానికి చెందిన పాతవి; పదో మండలం మొత్తం మీద తరువాతిది. ఆ ఒక్క గ్రంథంలోనే ఇన్ని పొరలుంటే నాలుగు వేదాల మాట చెప్పాలా?

ఈ సంగతి నాకు పుస్తకాల కన్నా మా మనవడి పరీక్ష పేపరు వల్ల బాగా తెలిసివచ్చింది. ఆరో తరగతి చదువుతున్న వాడు ‘ఋగ్వేద కాలపు ప్రజల ముఖ్య ధాన్యం ఏది?’ అన్న ప్రశ్నకు యవలు అని రాస్తే, బడిలో కొట్టేసి పక్కన వరి అని రాసి పంపారు. వెళ్లి అడిగితే గైడులో అలాగే ఉందన్నారు. ఋగ్వేదంలో యవల మాట ఉంది గానీ వరికి సంస్కృత నామమైన ‘వ్రీహి’ అన్న మాటే లేదని చెప్పి వచ్చాను. మార్కు మాత్రం రాలేదు. ఇంటికి వచ్చాక నా పాత నోట్సు తీసి చూస్తే, ‘వేదకాలపు ప్రజలు వరి, గోధుమ, యవలు పండించేవారు’ అన్న ఒకే వాక్యం నా చేతిరాతతోనే కనబడింది. ముప్ఫై ఏళ్లు నేను పిల్లలకు చెప్పి రాయించింది అదే. కాబట్టి ఆ బడిని అనడానికి నాకు నోరు లేదు.

మరి వరి ఎక్కడి నుంచి వచ్చింది? దాని జవాబు మా వీధి చివర శివాలయంలో ప్రతి సోమవారం ఉదయం వినబడుతుంది. రుద్రాభిషేకంలో నమకం తరువాత చదివే చమకం కృష్ణ యజుర్వేదానికి చెందిన తైత్తిరీయ సంహిత నాలుగో కాండలోది. ‘చ మే’ అంటే ‘నాకూ కావాలి’ అని. అందులోని నాలుగో అనువాకం (చిన్న విభాగం) దగ్గరికి వచ్చేసరికి నాకు నెల మొదట్లో కిరాణా కొట్టుకు ఇచ్చే చిట్టీ గుర్తుకు వస్తుంది. వ్రీహయశ్చ మే, యవాశ్చ మే, మాషాశ్చ మే, తిలాశ్చ మే, ముద్గాశ్చ మే: వడ్లు కావాలి, యవలు కావాలి, మినుములు, నువ్వులు, పెసలు కావాలి. ఆ వెంటనే గోధుమలు, మసూరు పప్పు, కొర్రలు, చామలు, చివరకు నీటి గుంటల్లో దానంతట అది మొలిచే నివ్వరి కూడా. మన జొన్న పేరు అందులో లేదు. తరువాతి అనువాకంలో లోహాల జాబితా వస్తుంది: బంగారం, అయస్సు, సీసం, తగరం, ‘శ్యామం’ అంటే నల్లని లోహమైన ఇనుము, ‘లోహం’ అంటే ఎర్రని రాగి. ఋగ్వేదంలో ‘అయస్’ అని మాత్రమే ఉన్న చోట యజుర్వేదం నాటికి నల్లదానికీ ఎర్రదానికీ వేరు వేరు పేర్లు పెట్టవలసి వచ్చిందంటే ఆ మధ్యకాలంలో ఇనుము జనం చేతికి వచ్చిందన్నమాట. సింధు ఉపనదుల మధ్య పశువుల మందలతో తిరిగినవారు గంగా యమునల మైదానంలో వరి పండించే రైతులయ్యారు. శతపథ బ్రాహ్మణంలో విదేఘ మాథవుడనే రాజు సరస్వతీ తీరం నుంచి అగ్నిని వెంటబెట్టుకుని తూర్పున సదానీర నది దాకా వెళ్లిన కథ కూడా ఈ జరుగుబాటునే చెబుతుంది. ఇంత చరిత్ర మన చెవిన ప్రతి సోమవారం పడుతూనే ఉంది. అభిషేకం పాలు, కొబ్బరిచిప్పల హడావుడిలో మనం వినం.

మొదటి దశ జీవితం ఎలా ఉండేదో చూపడానికి యుద్ధాల వర్ణనల కన్నా తొమ్మిదో మండలం 112వ సూక్తంలోని ఒక మాట నాకు ఎక్కువ ఇష్టం. ‘కారురహం తతో భిషక్ ఉపలప్రక్షిణీ ననా’ అంటాడు అందులోని కవి. నేను పాటలు కట్టేవాణ్ని, మా నాయన వైద్యుడు, మా అమ్మ రాళ్ల మధ్య ధాన్యం విసిరేది. సంపాదన కోసం తలా ఒక పని చేస్తూ పశువుల వెంట నడిచినట్టు బతుకుతున్నాం అని దాని తాత్పర్యం. ఒకే ఇంట్లో మూడు వృత్తులు. రాజన్య, వైశ్య, శూద్ర అన్న మాటలు ఋగ్వేదం మొత్తంలో కనిపించేది పదో మండలంలోని 90వ సూక్తమైన పురుషసూక్తంలో మాత్రమే. ఈ రెండు విషయాలూ కలిపి చూస్తే, తొలి దశలో వర్ణం తరువాతి కాలంలోలా బిగిసిపోలేదన్న మాట సబబే. అంతమాత్రం చేత ‘వేదాల్లో కులం లేదు’ అని మొత్తానికి ముడివేయడం చెల్లదు. పురుషసూక్తం కూడా వేదమే, ఆ తరువాతి బ్రాహ్మణ గ్రంథాల్లో, ధర్మసూత్రాల్లో ఆ విభజన గట్టిపడుతూ పోవడం ఎవరైనా చదివి చూసుకోవచ్చు.

దేవతల విషయమూ అంతే. ఋగ్వేదంలో అత్యధికంగా సుమారు 250 సూక్తాలు ఇంద్రుడివి, తరువాత సుమారు 200 అగ్నివి. విష్ణువుకు ప్రత్యేకించినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. గుడి లేదు, విగ్రహం లేదు; కొలిచి గీసిన నేల మీద వేదిక వేసి, పని అయ్యాక విడిచి వెళ్లిపోవడమే. వినాయక చవితికి మన హైదరాబాద్‌లో ఖైరతాబాద్ మొదలు గల్లీ గల్లీకి వేసే మండపాల వరకు మైకుల్లో మార్మోగే ‘గణానాం త్వా గణపతిం హవామహే’ అన్న మంత్రం రెండో మండలం 23వ సూక్తంలో మొదటిది. అక్కడ ఆ గణపతి బ్రహ్మణస్పతి, అంటే మంత్రానికి అధిపతి. ఏనుగు ముఖం ప్రస్తావన అందులో ఎక్కడా లేదు. ఇది చెబితే భక్తికి భంగమని కొందరు నా మీద కోప్పడ్డారు. మూడు వేల ఏళ్ల నాటి పిలుపును మరో రూపానికి అన్వయించుకుని నేటికీ పిలుస్తున్నామంటే, అది మన మతం ఎలా పెరిగిందో చూపుతుంది తప్ప భక్తికి కలిగే నష్టమేమిటో నాకు బోధపడలేదు.

పెళ్లి మంత్రాల్లో ఈ పొరలు ఇంకా స్పష్టంగా కనబడతాయి. పాణిగ్రహణంలో వరుడు చెప్పే ‘గృభ్ణామి తే సౌభగత్వాయ హస్తం’ పదో మండలం 85వ సూక్తంలోది, సూర్యా అనే కన్య పెళ్లి సందర్భం. మన ముహూర్తానికి ఆయువుపట్టయిన జీలకర్ర-బెల్లం గానీ, మంగళసూత్రం గానీ ఇంట్లో జరిగే సంస్కారాలను చెప్పే గృహ్యసూత్రాలు విధించినవి కావు. అవి ఈ నేల మీది ఆచారాలు. తెలుగునాట యజుర్వేదుల్లో అత్యధికులు అనుసరించే ఆపస్తంబుడు తన గృహ్యసూత్రంలో వివాహ ప్రకరణం దగ్గర, చేయవలసిన తతంగం ఇంకేమైనా ఉంటే స్త్రీలను అడిగి తెలుసుకోండని ఒక సూత్రమే రాశాడు. మా ఇళ్లలో పురోహితుడు పుస్తకం మూసి ‘అమ్మా, మీ ఆనవాయితీ ఏమిటి?’ అని పెద్దావిడను అడగడం మీరూ చూసే ఉంటారు. ఆయన ఆ క్షణాన సూత్రం తప్పడం లేదు, పాటిస్తున్నాడు. ఇక అక్షతలు వేస్తూ అందరమూ వినే ‘శతమానం భవతి’ సంగతి మరీ విచిత్రం. తైత్తిరీయంలో అది దీర్ఘాయువు కోరే ఇష్టి (చిన్న యజ్ఞం) సందర్భంలో వంద మానాల తూకం గల బంగారాన్ని గురించి చెప్పిన మాట: ఇది వంద తూకం ఉంది, మనిషికి నూరేళ్ల ఆయువు, నూరు ఇంద్రియాలు, కాబట్టి ఇందువల్ల ఆయువులో నిలబడతాడు అని. బంగారం వెనక్కి పోయింది, దీవెన మిగిలింది. ఇవాళ్టి బంగారం ధర చూస్తే అదే మంచిదయిందనిపిస్తుంది.

స్త్రీల ప్రస్తావన వచ్చింది గనుక రెండు పక్షాల వారికీ ఒక్కొక్క సంగతి గుర్తు చేస్తాను. ఋగ్వేదంలో ఘోష, అపాల, విశ్వవార పేర్ల మీద సూక్తాలున్నాయి. బృహదారణ్యక ఉపనిషత్తులో జనకుడి సభలో గార్గి యాజ్ఞవల్క్యుణ్ని వరస ప్రశ్నలతో నిలదీస్తుంది. అదే గార్గితో ఆయన ‘ఇంతకు మించి అడగకు, నీ తల రాలిపడగలదు’ అనడం కూడా అక్కడే ఉంది. మొదటి వాక్యం చెప్పేవారు రెండోది చెప్పరు. అలాగే ‘స్త్రీల స్నేహాలు స్నేహాలు కావు, వారివి తోడేళ్ల హృదయాలు’ అన్న మాటను పదో మండలం 95వ సూక్తం నుంచి తీసి వేదం స్త్రీని ఇలా తూలనాడిందని చూపేవారున్నారు. ఆ మాట అన్నది ఊర్వశి. తనను విడిచి ఉండలేక చస్తానంటున్న పురూరవుడితో, చావకు, పడిపోకు అంటూనే చెప్పిన మాట అది. నాటకంలో పాత్ర చెప్పిన మాటను ధర్మశాస్త్రంగా చదివితే ఎలా?

యజ్ఞంలో పశువును బలి ఇచ్చేవారు కాదని దబాయించే వ్యాసాలు కూడా మీ పత్రికలో చూశాను. యజుర్వేదం తెరిస్తే ఆ వాదన నిలవదు. కానీ ఖండించేవారు మరచేది ఒకటుంది: యజ్ఞాలు గట్టివి కాని పడవలని, వాటిని నమ్ముకున్న మూఢులు మళ్లీ మళ్లీ జరామరణాల పాలవుతారని ముండకోపనిషత్తు అంటుంది. అది అథర్వవేదానికి చెందిన ఉపనిషత్తు. అంటే యజ్ఞాన్ని పట్టుకున్నదీ వేదమే, దాన్ని తప్పుబట్టిందీ వేదమే.

ఇవన్నీ పండితుల తగవులు, మామూలు పాఠకుడికి ఇందులో ఏముంది అని మీరు అనుకోవచ్చు. అందుకు పదో మండలంలోని 34వ సూక్తం ఒక్కటి చదివితే చాలు. అది జూదరి గోడు. ఆనాటి పాచికలు తానికాయలు, అవే త్రిఫల చూర్ణంలో వేసే కాయలు. ఆ సూక్తం మొదటిసారి చదివినప్పుడు బేగంబజారులో మూలికలమ్మే దుకాణానికి వెళ్లి పావుకిలో కొని తెచ్చి బల్ల మీద దొర్లించి చూశాను. ఎండిన కాయకు అస్పష్టంగా అయిదు అంచులున్నాయి. దొర్లి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం, చూస్తుండగానే చేయి మళ్లీ దాని మీదికి పోతుంది. గుప్పెడు తీసి లెక్కపెట్టి, నాలుగేసి చొప్పున సరిపోతే గెలుపు, ఒకటి మిగిలితే ఓటమి. ‘ఒక్క పాచిక ఎక్కువ పడినందుకు నన్నే నమ్ముకున్న భార్యను పోగొట్టుకున్నాను’ అంటాడు జూదరి. అత్త అసహ్యించుకుంటుంది. తండ్రి, తల్లి, అన్నదమ్ములు అప్పులవాళ్లతో ‘వీడెవడో మాకు తెలియదు, కట్టి తీసుకుపొండి’ అంటారు. ఇక ఆడనని ఒట్టేసుకుని ఇంట్లో కూర్చుంటే, పలక మీద కాయలు పడిన చప్పుడు వినబడగానే మనసు అటే పరుగెడుతుంది. చివరకు సూర్యదేవుడైన సవిత చెప్పాడని వాడే చెప్పుకునే మాట: ‘అక్షైర్మా దీవ్యః, కృషిమిత్ కృషస్వ.’ పాచికలాడకు, సేద్యం చేసుకో. తెలంగాణలో 2017లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధిస్తూ చట్టం సవరించినప్పుడు మా కాలనీలో ఫోనులో రమ్మీ ఆడి అప్పులపాలైన ఒక కుర్రవాడి తండ్రికి ఈ సూక్తానికి తెలుగు చెప్పి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, ‘అత్తగారి మాట కూడా ఉందా అందులో?’ అని మాత్రం అడిగారు.

ఇంత పాత మాటలు మారకుండా మన దాకా ఎలా వచ్చాయన్నది సహజంగా వచ్చే సందేహం. పూణేలోని భండార్కర్ సంస్థలో ఉండి యునెస్కో ‘ప్రపంచ స్మృతి’ పట్టికలో 2007లో చేరిన 30 ఋగ్వేద ప్రతుల్లో అతి పాతది 1464 నాటిది. అంతకు ముందరి రెండు వేల ఏళ్లకు పైబడిన ప్రయాణం ప్రధానంగా నోటి మీదే సాగింది. ఆ మధ్య ఒక వేదసభకు వెళ్లినప్పుడు పన్నెండు, పదమూడేళ్ల పిల్లలిద్దరు ఎదురెదురుగా కూర్చుని ఘనం, అంటే పదాలను ముందుకూ వెనక్కీ తిప్పి చెప్పే పఠనం, చెబుతుంటే విన్నాను. మూడు పదాల మంత్రభాగం ఘనంలో ఇలా అవుతుంది: ‘గణానాం త్వా, త్వా గణానాం, గణానాం త్వా గణపతిం, గణపతిం త్వా గణానాం, గణానాం త్వా గణపతిమ్.’ మూడు పదాలు ముందుకూ వెనక్కీ నడిచి పదమూడవుతాయి; ఒక అక్షరం జారిందంటే వెనక్కి వచ్చేటప్పుడు అక్కడే పట్టుబడుతుంది. ఒక కుర్రవాడు ఒక చోట స్వరం దించవలసింది దించలేదు. మూలన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్న వృద్ధ ఘనాపాఠి కళ్లు తెరవకుండానే వేలు ఎత్తారు. ఇద్దరూ ఆగి, ఆ పదం దగ్గర మళ్లీ అందుకున్నారు. స్వరం తప్పితే ఏమవుతుందో తైత్తిరీయంలోనే కథ ఉంది: ఇంద్రుణ్ని చంపేవాడు పుట్టాలని దేవశిల్పి త్వష్ట ‘ఇంద్రశత్రుః’ అంటూ హోమం చేస్తే, స్వరం తారుమారై ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు పుట్టాడు. ఇక ఏడో మండలం 103వ సూక్తంలో తొలకరికి కప్పలు ఒకదాని మాటను మరొకటి అందుకోవడం, గురువు చెప్పింది శిష్యుడు వల్లించినట్టుందని వసిష్ఠుడు అన్నాడు. వల్లెవేసే చదువును వర్ణించిన మాటల్లో మనకు మిగిలిన అతి పాతవాటిలో అది ఒకటి. వానలు పడకపోతే మన తెలంగాణ పల్లెల్లో కప్పతల్లిని ఊరేగించే పిల్లలు ఈ సూక్తం వినలేదు గానీ, కప్పకూ వానకూ ఉన్న చుట్టరికం వారికీ తెలుసు.

తెలుగువారిగా మనం తప్పక చదవవలసిన చోటు ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపుడి కథ. హరిశ్చంద్రుడి కొడుకుకు బదులుగా బలి ఇవ్వడానికి అజీగర్తుడు తన నడిమి కొడుకును నూరు ఆవులకు అమ్ముతాడు, యూపానికి (బలిస్తంభానికి) కట్టడానికి మరో నూరు, చంపడానికి ఇంకో నూరు అడుగుతాడు. దేవతలను స్తుతించి కట్లు తెంచుకున్న ఆ పిల్లవాణ్ని విశ్వామిత్రుడు పెద్దకొడుకుగా చేసుకుంటాడు. ఆయనకున్న నూటొక్క మంది కొడుకుల్లో పెద్దలైన యాభైమంది ఒప్పుకోరు. వారి సంతతి సరిహద్దుల పాలు కావాలని ఆయన శపిస్తాడు. వారే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు. ఆంధ్ర శబ్దం తొలిసారి కనిపించేది ఇక్కడే. మనం విశ్వామిత్ర సంతానమని సభల్లో చెప్పుకునేవారు శాపం సంగతి దాటేస్తారు. తండ్రి మాటకు తలవంచినవాడు మధుచ్ఛందుడు. ఋగ్వేదం తెరవగానే కనిపించే ‘అగ్నిమీళే’ సూక్తానికి ఋషి ఆయనే. అంటే ఐతరేయ బ్రాహ్మణం చెప్పినవారి దృష్టిలో మనవారు వేదానికి వెలుపలి జనం. అటువంటి నేల మీద తరువాత కృష్ణ యజుర్వేద శాఖ ఇంత లోతుగా పాతుకుపోయింది. శాపం వినిపించిన రోజుల్లో ఇక్కడ ఎవరూ లేరనుకోవడానికి కూడా వీలు లేదు. మౌలాలి దగ్గర, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో తవ్వకాల్లో బయటపడిన పెద్దరాతి సమాధులు ఇనుము వాడిన జనానివి. పల్లెల్లో రాకాసి గుళ్లని పిలిచేది ఇలాంటి కట్టడాలనే. వారు ఏ దేవుణ్ని ఏ మాటలతో పిలిచేవారో చెప్పే గ్రంథం మనకు మిగలలేదు. అందుచేత ‘ఆ రోజుల్లో భారతదేశంలో’ అంటూ యమునా తీరపు మాటను కృష్ణా తీరానికి కూడా అంటగట్టకూడదు.

విమానాల మాట క్లుప్తంగా ముగిస్తాను. ఋగ్వేదంలో ‘విమాన’ శబ్దం కొలవడం అన్న అర్థంలో వస్తుంది. విమానశాస్త్రంగా చలామణీ అయ్యే పుస్తకం ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లదని, అందులోని వాహనాలు ఎగరలేవని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 1974లోనే తేల్చారు. లేనిదాని కోసం ఇంత పాకులాడేవారు, యజ్ఞవేదికల కొలతలు చెప్పే, నిజంగా ఉన్న శుల్బసూత్రాలను చూడరు. గరుడ పక్షి ఆకారంలో అయిదు వరసలుగా, వరసకు 200 చొప్పున 1000 ఇటుకలతో చితి (యజ్ఞవేదిక) పేర్చడానికి తాడు, మేకులతో చేసిన లెక్క అది. చతురస్రపు కర్ణం కావాలంటే భుజానికి దాని మూడోవంతు కలుపు, ఆ మూడోవంతులో నాలుగోవంతు కలుపు, ఆ చివరిదానిలో ముప్ఫైనాలుగో వంతు తీసెయ్యి అంటుంది. గుణించి చూస్తే 1.4142157 వస్తుంది, అంటే రెండు వర్గమూలానికి అయిదు దశాంశ స్థానాల వరకు సరిపోతుంది. మా ఇంటి పునాది రోజున మేస్త్రీ మూల సరిచూడటానికి దారం మీద ఒక వైపు మూడడుగులు, మరో వైపు నాలుగడుగులు గుర్తుపెట్టి, అడ్డంగా అయిదు వచ్చిందాకా మేకు జరిపాడు. ఆపస్తంబుడు యజ్ఞవేదికకు చెప్పిన కొలతల్లో ఆ మూడు, నాలుగు, అయిదు కూడా ఉన్నాయి.

ఆర్యులు ఎక్కడి వారన్న వివాదంలోకి నేను దిగడం లేదు. అది మరో ఉత్తరానికి కూడా లొంగదు. కాలనిర్ణయానికి సంబంధించి మాత్రం ఒక గట్టి ఆధారాన్ని గుర్తు చేస్తాను. నేటి టర్కీలోని బొగాజ్‌కోయ్‌లో దొరికిన, క్రీ.పూ. 14వ శతాబ్దపు హిట్టైటు, మితాని రాజ్యాల సంధిపత్రంలో మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల (అశ్వినీ దేవతల) పేర్లు సాక్షులుగా ఉన్నాయి. వేదాన్ని పదివేల ఏళ్ల వెనక్కి తోసే లెక్కలు మీకు అందినప్పుడు ఆ రచయితను కనీసం ఈ శాసనం సంగతి ఏమంటారని అడగండి.

అడగవలసింది పెద్ద పనేమీ కాదు. ఋగ్వేదమైతే మండలం, సూక్తం సంఖ్య. తైత్తిరీయమైతే కాండం, ప్రశ్న, అనువాకం. ఉపనిషత్తయితే దాని పేరు, అధ్యాయం. వాక్యం చివర నాలుగు అంకెలు పడతాయి, అంతే. నాలుగు వేదాలనూ దాశరథి రంగాచార్య గారు తెలుగులోకి తెచ్చి పెట్టారు కాబట్టి సంస్కృతం రానివారైనా సరిచూసుకోవచ్చు. ఈ నియమం మూడు వారాల కిందటే ఉండి ఉంటే, ఈ లేఖ అవసరమే వచ్చేది కాదు. వ్యాస రచయిత వేదవాక్యమని చూపిన ‘యత్ర నార్యస్తు పూజ్యంతే’ వేదంలోది కాదు, మనుస్మృతి మూడో అధ్యాయంలో 56వ శ్లోకం. ఆయనను ఖండించిన పాఠకుడు వేదమే చెప్పిందన్న ‘న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి’ కూడా వేదంలోది కాదు, అదే మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో 3వ శ్లోకం. వచ్చే ఆదివారం రెండింటికీ కలిపి ఒకే సవరణ వేయగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
నల్లకుంట, హైదరాబాద్.